స్త్రీల గర్భకోశ కాన్సర్లు – గుర్తింపు, చికిత్స

కాన్సర్ అనగా పీత. ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి 'కార్కినోస్' అని పేరు పెట్టారు. లాటిన్ వారు దానినే 'కాన్సర్' అన్నారు. అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చిన 'సర్తాన్' అనే పదానికీ అదే అర్థం. మన రాశిచక్రంలోని కర్కాటకం కూడా పీతయే. వ్రణం చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీత కాళ్ళవలె కనిపించుట చేత ఈ పేరు కలిగినదని చెబుతారు. ఇన్ని భాషలు ఏకమై ఒక వ్యాధికి ఒకే పేరు పెట్టుకొన్నవి. కాని అదే వ్యాధి స్త్రీ గర్భకోశానికి వచ్చినప్పుడు మన ఇండ్లలో ఏ భాషలోనూ దాని పేరు వినిపించదు. తెలుగు మాట్లాడే ఇంట్లో అది "ఆడవాళ్ళ జబ్బు". ఉర్దూ మాట్లాడే ఇంట్లో "జనానా బీమారీ". అంతటితో సంభాషణ ముగుస్తుంది.

తెలుగు బోధించే ఉపన్యాసకునికి వైద్యవిషయంతో పని ఏమని విద్యార్థులు అడుగవచ్చును. పేరు లేని బాధను రోగి వైద్యునికి చెప్పుకోలేదు. చెప్పుకోని బాధకు పరీక్ష జరుగదు. పరీక్ష జరుగని వ్యాధి ముదిరిన తరువాతనే బయటపడుతుంది. ఈ గొలుసులో మొదటి లంకె భాష. కనుక ఈ విషయంలో భాషోపాధ్యాయునికీ కొంత బాధ్యత కలదని నా విశ్వాసం.

సమస్య ఎంత పెద్దదో రెండు అంకెలు చెబుతాయి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష ఒక్కసారియైనా చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనా లేరు. అంతకుముందు 2015–16లో జరిగిన నాలుగవ సర్వే మరొక సంగతి చెప్పింది. 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపబడినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దేశపు సగటు మాత్రం సుమారు మూడు. పరీక్ష లేదు, కాని శస్త్రచికిత్స ఉన్నది! సిగ్గు వలన చెప్పుకొనక వ్యాధి ముదిరి మరణించేవారు ఒకవైపు; "ఇది కాన్సర్‌గా మారుతుందేమో" అన్న భయం చేత అవసరం లేకుండానే గర్భసంచి పోగొట్టుకొనేవారు మరొకవైపు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే: తెలియకపోవుట. తెలిసినవారు ఈ రెండింటి నుండీ తప్పించుకొనగలరు.

అవయవాలు – వాటి పేర్లు

స్త్రీ ఉదరపు క్రింది భాగంలో తలక్రిందులుగా ఉంచిన జామపండు ఆకారంలో గర్భాశయం ఉంటుంది. వాడుకలో దీనిని గర్భసంచి అని, ఉర్దూలో బచ్చేదానీ అని అంటారు. దాని లోపలి పొర ప్రతి నెలా పెరిగి బహిష్టు రూపంలో రాలిపోతుంది. గర్భాశయపు క్రింది కొన యోనిలోనికి తెరుచుకొనే చోటును గర్భాశయ ముఖద్వారం అంటారు. పైన ఇరువైపులా రెండు అండవాహికలు, వాటి చివర బాదంకాయలంత రెండు అండాశయాలు ఉంటాయి. ముఖద్వారం, గర్భాశయపు లోపలి పొర, అండాశయం, యోని, బాహ్య జననాంగం – ఈ ఐదు స్థానాలలో వచ్చే కాన్సర్లనే సాధారణంగా గర్భకోశ సంబంధమైన కాన్సర్లుగా లెక్కిస్తారు.

ఇవన్నీ ఒకే వ్యాధి కావు. కారణాలు వేరు, లక్షణాలు వేరు, గుర్తించే విధానాలు వేరు. వాటిలో ముఖ్యమైన మూడింటికి మూడు స్వభావాలు ఉన్నవి. ఒకటి మనకు కాలం ఇస్తుంది. ఒకటి స్పష్టమైన హెచ్చరిక ఇస్తుంది. మరొకటి గుసగుసలాడుతుంది. ఈ భేదం తెలిసిన యెడల తక్కినది గ్రహించుట సులభం.

కాలం ఇచ్చే వ్యాధి: గర్భాశయ ముఖద్వార కాన్సర్

2022 సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాది సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ కాన్సర్ రాగా, సుమారు 3,50,000 మంది మరణించారు. మన దేశంలో ఆ ఏడాది కొత్తగా వ్యాధి వచ్చినవారు సుమారు 1,27,000 మంది. మరణించినవారు దాదాపు 80,000 మంది. భారతీయ స్త్రీలలో రొమ్ము కాన్సర్ తరువాతి స్థానం దీనిదే. విషాదమేమనగా, ఇన్ని కాన్సర్లలో ముందుగా పసిగట్టి నివారించుటకు అత్యంత అనువైనవానిలో ఇది ఒకటి.

దీని కారణాన్ని కనుగొన్న చరిత్ర ఆసక్తికరమైనది. 1842లో ఇటలీలోని వెరోనా నగరపు మరణ పట్టికలను పరిశీలించిన రిగోని స్టెర్న్ అనే వైద్యుడు, గర్భాశయ కాన్సర్ వివాహితలలో అధికమనీ, సన్యాసినులలో అరుదనీ గమనించాడు. ఆ పరిశీలనకు సమాధానం లభించుటకు నూట నలభై ఏండ్లు పట్టింది. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 1984 సంవత్సరాలలో మానవ పాపిలోమా వైరస్ 16వ, 18వ రకాలను ఈ కాన్సర్ కణాలలో కనుగొన్నాడు. దానికిగాను 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ముఖద్వార కాన్సర్లలో నూటికి సుమారు డెబ్బది ఈ రెండు రకాల వలననే వస్తున్నవి.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలెను. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా వ్యాపిస్తుంది, నిజమే. కాని ఇది అత్యంత సాధారణమైన వైరస్. వివాహ జీవితం గడిపే స్త్రీ పురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది రెండేండ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రమే అది నిలిచిపోతుంది. ఏండ్ల తరబడి నిద్రాణంగానూ ఉండగలదు. కావున పరీక్షలో వైరస్ కనిపించినంత మాత్రాన ఆ స్త్రీ నడవడిని గాని, ఆమె భర్త నడవడిని గాని శంకించుట అజ్ఞానం, అన్యాయం.

వైరస్ నిలిచిపోయినను వెంటనే కాన్సర్ రాదు. ఆరోగ్యవతియైన స్త్రీలో ముఖద్వారపు కణాలు మెల్లమెల్లగా మారి కాన్సర్‌గా పరిణమించుటకు సాధారణంగా పదిహేను నుండి ఇరువది ఏండ్లు పడుతుంది. హెచ్.ఐ.వి. వంటి కారణాల చేత రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఐదు నుండి పది ఏండ్లే పట్టవచ్చును. ఈ దీర్ఘకాలంలో బాధ ఉండదు, రక్తస్రావం ఉండదు. లక్షణాలు లేని ఈ కాలమే వైద్యశాస్త్రానికి దొరికిన అవకాశం. ఆ మార్పును ఈ దశలో పట్టుకొన్నచో కాన్సర్ రాకుండానే ఆపవచ్చును.

మూడు పరీక్షలు

మొదటిది పాప్ పరీక్ష. గ్రీసు దేశంలో 1883లో జన్మించి, 1913లో అమెరికా చేరిన జార్జి పాపనికొలావు దీనిని రూపొందించాడు. ఆయన భార్య ఆండ్రోమకి ఈ పరిశోధనకు తన శరీరాన్నే ప్రయోగశాలగా ఒప్పగించి, తన నమూనాలను ఏండ్ల తరబడి ఇచ్చింది. 1928లో ఆయన తన పరిశీలనను ప్రకటించినప్పుడు ఆదరణ లభించలేదు. 1941లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి ప్రచురించిన వ్యాసంతోనే వైద్యలోకం మేలుకొన్నది. ఈ పరీక్షలో ముఖద్వారం నుండి చిన్న బ్రష్‌తో కొన్ని కణాలను సేకరించి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. నొప్పి దాదాపు ఉండదు. కొద్ది నిమిషాల పని. అయితే దీనికి ప్రయోగశాల, శిక్షణ పొందిన నిపుణులు కావలెను.

రెండవది సిర్కా పరీక్ష అనదగినది. మన వంటఇండ్లలో వాడే సిర్కాలోని ఆమ్లమే అసిటిక్ ఆమ్లం. నూటికి మూడు నుండి ఐదు పాళ్ళ అసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి, మంచి వెలుతురులో చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. శిక్షణ పొందిన నర్సు కూడా ఈ పరీక్ష చేయగలదు. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆసుపత్రిలో ఆమ్లాన్ని కొలతప్రకారం తయారుచేస్తారు గనుక దీనిని ఇంట్లో చేసుకొనరాదని వేరుగా చెప్పనక్కరలేదు. దీనికి పరిమితులూ కలవు. తెల్లగా కనిపించినదంతా కాన్సర్ కాదు. బహిష్టులు ఆగిపోయిన వయస్సులో మార్పు వచ్చే భాగం లోపలికి ముడుచుకొనుట వలన ఈ పరీక్ష అంతగా ఉపకరించదు.

మూడవది వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా గుర్తించే పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనినే ప్రథమ పరీక్షగా సూచించింది. ముప్పది ఏండ్ల వయస్సు నుండి ఐదు లేక పది ఏండ్లకొకసారి చేయించుకొన్న చాలును. దీనికి కావలసిన నమూనాను స్త్రీ తానే ఏకాంతంగా సేకరించి ఇవ్వవచ్చును. సిగ్గు చేత గాని, పరదా చేత గాని ఆసుపత్రి బల్ల ఎక్కుటకు వెనుకాడే స్త్రీకి ఇది గొప్ప సౌకర్యం.

ఈ పరీక్షలు ప్రాణాలు కాపాడునని నిరూపించుటలో మన దేశానికి ప్రముఖ స్థానం కలదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పూర్వం హైదరాబాద్ సంస్థానంలో భాగం. నేడు దాని పేరు ధారాశివ్. అక్కడి గ్రామాలలో 30 నుండి 59 ఏండ్ల వయస్సుగల సుమారు 1,30,000 మంది స్త్రీలపై డాక్టర్ శంకరనారాయణన్ బృందం జరిపిన అధ్యయన ఫలితాలు 2009లో వెలువడినవి. ఒక్కసారి వైరస్ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసిన గ్రామాలలో, ఎనిమిదేండ్ల కాలంలో ఈ కాన్సర్ మరణాలు పరీక్ష జరుగని గ్రామాలతో పోల్చగా దాదాపు సగానికి తగ్గినవి. బొంబాయి మురికివాడలలో టాటా స్మారక ఆసుపత్రికి చెందిన డాక్టర్ సురేంద్ర శాస్త్రి బృందం సుమారు 1,50,000 మంది స్త్రీలతో చేపట్టిన అధ్యయనంలో, పదవ తరగతి చదివిన స్థానిక స్త్రీలకు శిక్షణనిచ్చి సిర్కా పరీక్ష చేయించారు. ఆ ఫలితాలు 2013లో వెల్లడైనవి: మరణాలు నూటికి 31 వంతులు తగ్గినవి. పెద్ద యంత్రాలు లేకుండా, సామాన్య విద్య గల స్త్రీల చేతనే ఈ పని జరిగినది. మన విద్యార్థినులు గమనింపదగిన విషయమిది.

పరీక్షలో అనుమానం కలిగినచో వైద్యులు కోల్పోస్కోపు అనే భూతద్దపు సాధనంతో చూసి, అవసరమైనచో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కాన్సర్‌కు పూర్వదశ అని తేలినచో, ఆ కొద్దిపాటి భాగాన్ని అతిశీతలంతో గాని, వేడితో గాని నశింపజేస్తారు. లేక విద్యుత్ తీగతో కోసి తీస్తారు. చాలా సందర్భాలలో అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చును. గర్భసంచి తీయవలసిన పని సాధారణంగా ఉండదు.

మన ప్రభుత్వం 2016లో ప్రకటించిన విధానం ప్రకారం 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి సిర్కా పరీక్ష చేయవలెను. వ్యాధి ముదిరిన తరువాత కనిపించే లక్షణాలు ఇవి: బహిష్టుల నడుమ రక్తం కనిపించుట, భార్యాభర్తల కలయిక అనంతరం రక్తస్రావం, దుర్వాసన గల నీటివంటి స్రావం, నడుమునొప్పి, కాలి వాపు. తెల్లబట్ట లేక సఫేద్ పానీ అని వాడుకలో చెప్పేదంతా కాన్సర్ కాదు. చాలావరకు అది సహజం, లేదా మందులతో నయమయ్యే సామాన్య వ్యాధి. దాని కోసమే గర్భసంచి తీయించుకొనుమని ఎవరైనా చెప్పినచో, రెండవ వైద్యుని అభిప్రాయం అడుగుట ప్రతి స్త్రీకి గల హక్కు.

హెచ్చరిక ఇచ్చే వ్యాధి: గర్భాశయపు లోపలి పొర కాన్సర్

ఈ వ్యాధి ఎక్కువగా బహిష్టులు ఆగిన తరువాతి వయస్సులో వస్తుంది. స్థూలకాయం, మధుమేహం, సంతానం లేకపోవుట, ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒక్కటే చాలాకాలం వాడుట – ఇవి దీని అవకాశాన్ని పెంచుతాయి. నగరజీవనంతో పాటు స్థూలకాయం, మధుమేహం పెరుగుతున్న మన సమాజంలో దీనిని గూర్చి తెలుసుకొనుట అవసరం.

ఈ వ్యాధి దొంగవలె రాదు. తలుపు తట్టి వస్తుంది. వ్యాధి వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి రక్తస్రావమే తొలి లక్షణం. బహిష్టులు పూర్తిగా ఆగి ఏడాది గడచిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనిపించినను వైద్యురాలిని సంప్రదించవలెను. మన ఇండ్లలో దీనిని "మళ్ళీ ముట్టు వచ్చింది" అని సరిపెట్టుకొంటారు. కొందరు పెద్దవాళ్ళు నవ్వి ఊరుకొంటారు. కాని ఆగిన ముట్టు మళ్ళీ రాదు. వచ్చినది ముట్టు కాదు, హెచ్చరిక. అలాగని భయపడనక్కరలేదు: ఇట్లు రక్తం కనిపించిన పదిమందిలో సుమారు ఒకరికే కాన్సర్ ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో తేల్చుటకే పరీక్ష. ధ్వనితరంగాల స్కానింగు ద్వారా లోపలి పొర మందాన్ని కొలుస్తారు. అది నాలుగు మిల్లీమీటర్లకు మించినచో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. తొలిదశలో గర్భాశయాన్ని, అండవాహికలను, అండాశయాలను తొలగించే శస్త్రచికిత్సతోనే అనేకులు పూర్తిగా కోలుకొంటారు. ఇక్కడ గర్భసంచి తీయుట సరియైన చికిత్స. అవసరమైన శస్త్రచికిత్సకు, అనవసరమైనదానికి భేదం పరీక్ష వలననే తెలుస్తుంది.

గుసగుసలాడే వ్యాధి: అండాశయ కాన్సర్

ఈ మూడింటిలో కఠినమైనది ఇదే. అండాశయాలు ఉదరకుహరంలో లోతుగా ఉండుట వలన వ్యాధి పెరుగుటకు చోటు ఎక్కువ, బయటకు తెలిసే మార్గం తక్కువ. లక్షణాలన్నీ జీర్ణకోశ వ్యాధులవలె ఉంటాయి: కడుపు ఉబ్బరం, కొద్దిగా తినగానే నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రం రావటం. "గ్యాస్" అనుకొని నెలల తరబడి మందులు మ్రింగుతారు. ఈ లక్షణాలు కొత్తగా ఆరంభమై, రెండు మూడు వారాలకు పైగా దాదాపు ప్రతిదినం ఉన్నచో, ముఖ్యంగా యాభై ఏండ్లు దాటిన స్త్రీలో, ఉదరపు స్కానింగు, సి.ఏ. 125 అనే రక్తపరీక్ష చేయించవలెను.

లక్షణాలు లేని సామాన్య స్త్రీలందరికీ ఏటేటా ఈ పరీక్షలు చేయవచ్చును కదా అన్న ప్రశ్న సహజం. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలపై ఏండ్ల తరబడి దీనినే పరిశీలించారు. 2021లో వెలువడిన తుది ఫలితం నిరాశ కలిగించింది: అట్టి పరీక్షల వలన మరణాలు తగ్గలేదు. కనుక ఆరోగ్య శిబిరాలలో ఈ రక్తపరీక్ష "అంతా బాగున్నది" అన్నదని నిశ్చింతగా ఉండుట గాని, కొంచెం ఎక్కువ చూపినదని భయపడుట గాని తగదు. నిజంగా జాగ్రత్తపడవలసినవారు వేరు. తల్లికి, అక్కచెల్లెండ్రకు, పినతల్లికి, మేనత్తకు అండాశయ కాన్సర్ గాని, చిన్న వయస్సులో రొమ్ము కాన్సర్ గాని వచ్చిన కుటుంబాలలో బి.ఆర్.సి.ఏ. అనే జన్యువులలో లోపం ఉండవచ్చును. తండ్రి వైపు నుండి కూడా ఈ లోపం సంక్రమిస్తుంది. అట్టి కుటుంబంలోని స్త్రీలు జన్యుపరీక్ష విషయమై నిపుణులను అడుగవలెను. అందుకు ముందు ఇంట్లో ఎవరు ఏ వ్యాధితో మరణించారో తెలిసి ఉండవలెను. "కడుపులో గడ్డతో పోయింది" అని మాత్రమే చెప్పుకొనే కుటుంబానికి ఈ మార్గం మూసుకొనిపోతుంది.

చికిత్సా మార్గాలు – ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కానుక

కాన్సర్ ఎంతవరకు వ్యాపించినదో చూచి దానిని నాలుగు దశలుగా విభజిస్తారు. చికిత్స ఆ దశను బట్టి ఉంటుంది. ముఖద్వార కాన్సర్ తొలిదశలో శస్త్రచికిత్స చేస్తారు. కణితి పెద్దదైనప్పుడు కిరణచికిత్సే ప్రధానం. వెలుపలి నుండి సుమారు ఐదు వారాలపాటు కిరణాలు ప్రసరింపజేస్తూ, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఇస్తారు. తరువాత కిరణధార్మిక పదార్థాన్ని ముఖద్వారం వద్దనే కొద్దిసేపు ఉంచి చికిత్స చేస్తారు. ఇదంతా ఎనిమిది వారాలలో ముగియవలెను. రక్తస్రావం ఆగినది కదా అని నడుమ మానివేసినచో చేసిన చికిత్స వ్యర్థమగును. అండాశయ కాన్సర్‌లో శస్త్రచికిత్సతో పాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే మందులు ముఖ్యమైనవి. బి.ఆర్.సి.ఏ. లోపం గలవారికి 2014 నుండి ఒలాపరిబ్ వంటి మాత్రలూ అందుబాటులోనికి వచ్చినవి.

ఆలస్యం ఎంత ఖరీదైనదో అమెరికా గణాంకాలు తెలుపుతున్నవి. ముఖద్వార కాన్సర్ ఆ అవయవానికే పరిమితమై ఉన్నప్పుడు గుర్తించినచో, ఐదేండ్ల తరువాత పదిమందిలో తొమ్మిదిమంది జీవించి ఉంటున్నారు. దూరపు అవయవాలకు ప్రాకిన తరువాత గుర్తించినచో ఇద్దరే మిగులుతున్నారు.

గర్భకోశ కాన్సర్లలో కోరియోకార్సినోమా అనే అరుదైన వ్యాధి కలదు. ముత్యాల గర్భం తరువాత, కొన్నిసార్లు గర్భస్రావం లేక ప్రసవం తరువాత ఇది వస్తుంది. ఒకప్పుడు ఊపిరితిత్తులకు ప్రాకిన ఈ వ్యాధికి మరణమే గతి. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు మెథోట్రెక్సేట్ అనే మందుతో దీనిని నయం చేసినట్లు ప్రకటించారు. గడ్డ రూపంలోని ఒక కాన్సర్‌ను మందులతోనే నయం చేయుట చరిత్రలో అదే ప్రథమం. నేడు ఈ వ్యాధి వచ్చినవారిలో నూటికి తొంబదిమందికి పైగా కోలుకొంటున్నారు. ఆ మందు లెడర్లే పరిశోధనాలయంలో యెల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వంలో జరిగిన పరిశోధనల ఫలం. 1895లో భీమవరంలో జన్మించిన ఆ తెలుగు శాస్త్రజ్ఞుడు 1948లోనే కన్నుమూశాడు. తన మందు స్త్రీల ప్రాణాలను ఇట్లు నిలుపుట ఆయన చూడలేదు.

చికిత్స దొరికే చోట్లు మనకు దూరం కావు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేదలకు సేవ చేస్తున్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేర్లు మారినను రెండు తెలుగు రాష్ట్రాలలోను కొనసాగుతూ కాన్సర్ చికిత్సకు ఆసరాగా ఉన్నది.

టీకా – ఖమ్మం నేర్పిన పాఠం

పాపిలోమా వైరస్‌కు టీకా 2006లో వచ్చింది. తొమ్మిది నుండి పదునాలుగేండ్ల వయస్సులో, వైరస్ సోకక ముందే వేయించుట అత్యుత్తమం. పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన సెర్వావాక్ అనే స్వదేశీ టీకా 2023 జనవరిలో విడుదలైనది. 2030 నాటికి పదిహేనేండ్లలోపు బాలికలలో నూటికి 90 మందికి టీకా, స్త్రీలలో 70 మందికి పరీక్ష, వ్యాధి కనిపించినవారిలో 90 మందికి చికిత్స – ఇది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన లక్ష్యం.

అయితే ఈ టీకా కథలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక అధ్యాయం ఉన్నది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు ఒక ప్రదర్శన పథకం క్రింద ఈ టీకా వేశారు. వారిలో ఎందరో గిరిజన బాలికలు, వసతిగృహాలలో చదువుకొనేవారు. కొందరు బాలికల మరణవార్తలు వెలువడుటతో 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని తేల్చింది. కాని తల్లిదండ్రులకు బదులు వసతిగృహ అధికారులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడినది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా విమర్శించింది. టీకా మంచిదే, దానిని ఇచ్చిన తీరు తప్పు. తల్లికి తన భాషలో విషయం చెప్పి, ఆమె ప్రశ్నలకు సమాధానమిచ్చి, ఆమె సమ్మతితో వేసిన టీకాకు ఉండే గౌరవం మరొకదానికి ఉండదు. ఆ విశ్వాసం లోపించినచో మంచి మందు కూడా అపనిందల పాలగును.

మన కర్తవ్యం

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు మీ ఇంట కళాశాల గడప త్రొక్కిన తొలి తరం. ఇంట్లో ఆసుపత్రి చీటీ చదివేది మీరే. వైద్యుడు చెప్పినది అమ్మకు, నానమ్మకు, అమ్మీకి, దాదీకి వారి భాషలో చెప్పవలసినది మీరే. ముప్పది ఏండ్లు దాటిన మీ తల్లి ఈ పరీక్ష చేయించుకొన్నదా అని అడుగుట అమర్యాద కాదు, సేవ. తల్లితో మాట్లాడుటకు కుమారునికి జంకు కలిగినచో అక్కతో, పిన్నితో, ఖాలాతో చెప్పించవచ్చును. మాట ఎవరి నోట వచ్చినదన్నది ముఖ్యం కాదు. మాట వచ్చుట ముఖ్యం.

కళాశాల కార్యవర్గ సభ్యులకు కూడా ఒక మనవి. ఏటా జరిపే ఉత్సవాలలో ఒక పూటను విద్యార్థినుల తల్లులకు కేటాయించి, వైద్యురాలి చేత తెలుగులోను ఉర్దూలోను ప్రసంగం ఏర్పాటు చేయవలెను. సమీపపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని కోరి, అదే రోజు పరీక్ష కూడా జరిపించవలెను. మన కళాశాలలో ఊడ్చేవారు, వంటచేసేవారు, ఆయాలు కూడా అందులో ఉండవలెను. వారిని మనమే పిలువకున్నచో పిలిచేవారు లేరు. ముఖద్వారం, లోపలి పొర, అండాశయం అనే మాటలకు రెండు భాషలలోను తేలికయైన పదాలతో ఒక చిన్న పట్టికను తయారుచేయుటకు తెలుగు, ఉర్దూ శాఖలు రెండూ కలిసి పనిచేయగలవు. ఆ పట్టిక తెలుగు భాగాన్ని వ్రాయుటకు నేను సిద్ధంగా ఉన్నాను.

ముప్పది ఏండ్లు దాటిన ప్రతి స్త్రీకి ముఖద్వార పరీక్ష. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినను వైద్య సలహా. మూడు వారాలు తగ్గని కడుపు ఉబ్బరానికి స్కానింగు. బాలికకు, తల్లి సమ్మతితో, టీకా. పరీక్ష లేకుండా గర్భసంచి తీయించుకొనకపోవుట. ఈ ఐదు వాక్యాలను ఈ సంచికతో పాటు ఇంటికి తీసుకొని వెళ్ళి, చదువరాని పెద్దలకు ఒకసారి పైకి చదివి వినిపించండి.